గాలికి షెడ్డు తలుపు ఎందుకు ఊడొస్తుంది

మే నెలలో మధ్యాహ్నం మూడు, నాలుగు దాటాక చిత్తూరు, తిరుపతి ప్రాంతంలోని పాకాల, దామలచెరువు, బంగారుపాళ్యం వైపు తోటల్లో ఉన్నట్టుండి లేచే గాలి గురించి ఎవరినడిగినా ముందు చెప్పేది రాలిపోయిన మామిడికాయ గురించే. ఏడాదంతా పెట్టిన పెట్టుబడి ఆ కొమ్మల మీదే ఉంటుంది కాబట్టి అది సహజం. కానీ అదే గాలి పోయాక తోట మూలనున్న మోటారు షెడ్డు దగ్గరికి వెళ్లి చూస్తే తలుపు ఒకే బందు మీద వేలాడుతూ ఉంటుంది, స్టార్టర్ బాక్సు తడిసి ఉంటుంది, యూరియా బస్తా నీళ్లు పీల్చుకుని ఉంటుంది, ఒక్కోసారి పైనుండాల్సిన రేకు పక్కవాళ్ల తోటలో ఉంటుంది. "గాలి అంత గట్టిగా కొట్టింది, ఎవరేం చేస్తారు" అనుకుని మళ్లీ అదే బందుని, అవే మరలతో, అదే చోట బిగించేస్తారు. పెరట్లో సామాన్ల గదికైనా, మిద్దె మీద రేకుల గదికైనా ఇదే కథ.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. మన దగ్గర వేసవిలో వచ్చే గాలివానలకి, సరిగ్గా మూసి బిగుతుగా కూర్చున్న తలుపు విరగడం అరుదు. విరిగేది లూజుగా ఉన్న తలుపు. గాలి నెట్టుడు తలుపుకి చేసే నష్టం కొంతే, ఆ నెట్టుడికి తలుపు ముందుకీ వెనక్కీ కదిలి కొట్టుకోవడం చేసే నష్టం దానికి ఎన్నో రెట్లు. అందుకే ఇంకా పెద్ద తాళం, ఇంకా లావు గొళ్ళెం కొనడం వల్ల దొంగ ఆగుతాడేమో గానీ గాలి ఆగదు. కదలిక తీసేయాలి, అంతే. మిగతా పనులన్నీ దాని కోసమే.

ముందు గాలి బలం ఎంతో చూద్దాం, ఎందుకంటే ఇది తెలియకే కొందరు అనవసరంగా భయపడతారు, కొందరు అసలు పట్టించుకోరు. వాతావరణ శాఖ హెచ్చరికల్లో "గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు" అన్న మాట మనకి బాగా అలవాటు. భవనాల మీద గాలి ఒత్తిడి లెక్కగట్టడానికి మన దేశంలో వాడే ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం; అందులో సూత్రం చాలా చిన్నది, గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకి ఎన్ని న్యూటన్ల ఒత్తిడో వస్తుంది. మూడడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తున్న మామూలు తలుపు దాదాపు 1.8 చదరపు మీటర్లు. 40 కిలోమీటర్ల గాలికి దాని మీద పడేది సుమారు 14 కిలోల నెట్టుడు. 60 కిలోమీటర్లకి 30 కిలోలు దాటుతుంది. 80కి 54 కిలోలు. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు అవుతుంది, ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు, "నిన్నటి గాలికి ఏం కాలేదు కదా" అన్న ధైర్యం ఎందుకు పనికిరాదో అర్థమవుతుంది.

ముప్పై కిలోలంటే ఒక మనిషి భుజం ఆనించి నెట్టినంత. మూసి ఉన్న తలుపు, గట్టి చౌకట్టు, రెండు మంచి గడియలు ఉంటే దాన్ని సులువుగా తట్టుకుంటాయి. అదే తలుపు గడియ వేయకుండా వదిలేస్తే లెక్క మారిపోతుంది. తెరిచి ఉన్న తలుపుని గాలి పట్టుకుని విసిరితే అది చౌకట్టుకి తగిలేసరికి పోగుపడే శక్తి, తలుపు తిరిగేకొద్దీ గాలి పట్టు తగ్గుతుందని సగానికి సగం కోసి లెక్కేసినా, పది కిలోల బరువుని మీటరు ఎత్తు నుంచి వదిలినంత ఉంటుంది. ఆ దెబ్బ ఒక్కసారి కాదు, గాలి ఉన్నంతసేపూ పడుతూనే ఉంటుంది. వాతావరణ శాఖ లెక్కలో గాలి వేగం ఒక్కసారిగా గంటకు కనీసం 29 కిలోమీటర్లు పెరిగి, 40కి తగ్గకుండా చేరి, ఒక నిమిషమైనా నిలబడితేనే దాన్ని స్క్వాల్ అంటారు. అంటే ముందు నిమిషంలో ఆకు కూడా కదలనట్టు ఉంటుంది, తర్వాతి నిమిషంలో తలుపు ఎగిరి కొడుతుంది. షెడ్డులో పైపులు సర్దుకుంటున్న మనిషికి లేచి వచ్చి తలుపు పట్టుకునే టైము ఉండదు, పట్టుకున్నా వేళ్లు నలుగుతాయి.

ఇప్పుడు లూజు సంగతి. ఎక్కడైనా ఓ పాత షెడ్డు తలుపు మూసి, గడియ వేసి, అరచేత్తో ఒకసారి లోపలికి నెట్టి, ఒకసారి బయటికి లాగి చూడండి. టక్కున శబ్దం వస్తే అక్కడ అర అంగుళమో ఇంకా ఎక్కువో ఖాళీ ఉన్నట్టే. ఆ శబ్దం ఎక్కడి నుంచి వస్తుందో కాస్త దగ్గరగా చూస్తే తలుపు తన జబ్బేంటో తానే చెబుతుంది. గడియ కడ్డీ దూరే కన్నం చుట్టూ రంగు పోయి, ఇనుము ఒకవైపు మాత్రమే నున్నగా మెరుస్తూ ఉంటుంది. ఆ వైపే తలుపు కొట్టుకుంటోందన్నమాట. బందు కింద గోడ మీద ఎర్రటి తుప్పు పొడి సన్నగా చారలా దిగి ఉంటే బందు కీలు అరిగిపోతోందని అర్థం. బందు రేకుకి, చెక్కకి మధ్య చాకు మొన దూరితే మరలు పట్టు వదిలేశాయి. మర తల చుట్టూ చెక్కలో గుండ్రంగా ఉండాల్సిన కన్నం కోడిగుడ్డు ఆకారంలో సాగి కనిపిస్తే ఇక ఆ మరని ఎంత తిప్పినా ఉపయోగం లేదు, అది ఊరికే తిరుగుతుంది. ఇవి చూడ్డానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు, తలుపు బాగుచేయడానికి పిలిచిన మనిషి కూడా చాలాసార్లు ఇవేవీ చూడకుండా కొత్త గొళ్ళెం కొట్టేసి వెళ్లిపోతాడు.

చెక్క తలుపుల్లో ఈ లూజు ఎక్కడి నుంచి వస్తుందన్నదాంట్లో మన వాతావరణం పాత్ర చాలా ఉంది, దీన్ని సరిగ్గా అర్థం చేసుకోకపోవడం వల్లే అదే తప్పు ఏటేటా జరుగుతుంది. తిరుపతి, శ్రీకాళహస్తి, పుత్తూరు వైపు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాల్లోనే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుఫాను కాస్త దూరంగా తీరం దాటినా దాని వాన చాలాసార్లు మనకి తప్పదు: 2020 నవంబరు చివర్లో నివర్ పుదుచ్చేరి దగ్గర, 2022 డిసెంబరులో మాండూస్ మామల్లపురం దగ్గర, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటాయి. ఆ ముసురులో చెక్క తేమ పీల్చుకుని ఉబ్బుతుంది. తలుపు చౌకట్టులో ఇరుక్కుంటుంది, కాలితో తన్నితే గానీ తెరుచుకోదు. విసుగొచ్చి వడ్రంగిని పిలిచి అంచు చిత్రిక పట్టిస్తారు. ఇక ఆ పూటకి హాయిగా తెరుచుకుంటుంది. తర్వాత ఫిబ్రవరి వస్తుంది, మార్చి వస్తుంది, కత్తిరి ఎండలు వస్తాయి, చెక్క తేమంతా వదిలేసి కుంచించుకుపోతుంది, నవంబరులో తీసేసిన ఆ అంచు ఇక తిరిగి రాదు. సరిగ్గా సంవత్సరంలో తలుపు అన్నిటికంటే సన్నగా, చుట్టూ ఖాళీ అన్నిటికంటే ఎక్కువగా ఉన్న రోజుల్లోనే ఈదురుగాలుల కాలం మొదలవుతుంది. నవంబరులో పట్టిన చిత్రికకి మే నెలలో మూల్యం చెల్లిస్తున్నాం.

కాబట్టి వానల్లో తలుపు బిగిసిందని వెంటనే అంచు కోయించొద్దు. ముందు పైబందు మరలు వదులై తలుపు ఒరిగిందేమో చూడాలి, చాలా తలుపులు ఇరుక్కునేది ఉబ్బడం వల్ల కాదు, ఇలా ఒరగడం వల్లే, గడియ వైపు కింది మూల నేలకి రాసుకుంటుంది. నిజంగా ఉబ్బిందనే తేలితే, జనవరిలో బాగా ఆరాక తలుపు ఊడదీసి ఆరు వైపులకీ, అంటే ముందు వెనక ముఖాలతో పాటు పైన, కింద, రెండు పక్కలా, ప్రైమరు కొట్టి రంగు వేయించాలి. కింది అంచుకి రంగు వేసే వాళ్లు దాదాపు ఉండరు, నీళ్లు ఎక్కువగా పీల్చేదేమో అదే. ఇది గాలి పనిలా కనిపించదు గానీ గాలి పనిలో సగం ఇదే.

ఇనుప రేకు తలుపులకి ఉబ్బడం ఉండదు, వాటి బాధ వేరు. పల్చటి రేకుని ఏంగులర్ (ఎల్ ఆకారపు ఇనుప పట్టీ) చట్రానికి నాలుగు మూలలా వెల్డింగ్ చుక్కలు పెట్టి వదిలేస్తే, గాలికి మధ్య భాగం లోపలికీ బయటికీ ఊగుతూ డబ్బా మోత మోగుతుంది. ఆ ఊగుడు చుక్కల మీదే పడి ఒక్కొక్కటీ తెగుతుంది. మధ్యలో ఒక అడ్డపట్టీ, మూల నుంచి మూలకి ఒక ఏటవాలు పట్టీ వేయించి, రేకుని వాటికి కూడా అతికిస్తే మోతా పోతుంది, ఒరగడమూ పోతుంది. చెక్క పలకల తలుపుకి ఏటవాలు పట్టీ వేసేటప్పుడు మాత్రం దిశ ముఖ్యం: కింది బందు దగ్గర మొదలై గడియ వైపు పై మూలకి ఎక్కాలి. అప్పుడు తలుపు బరువు ఆ పట్టీ ద్వారా కింది బందు మీదికి దిగుతుంది. తిరగేసి వేస్తే అది లాగుడికి గురై మేకులు ఊడతాయి తప్ప మోయదు.

తలుపు ఏ వైపు చూస్తోంది, ఎటు తెరుచుకుంటోంది అన్నది ఇంకో పెద్ద ప్రశ్న. పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు ఎత్తైన ప్రాంతంలో ఆషాఢ శ్రావణాల్లో పడమటి గాలి వారాల తరబడి ఆగకుండా వీస్తుంది. అది ఈదురుగాలిలా ఒక్కసారిగా విరగ్గొట్టదు గానీ పగలూ రాత్రీ తలుపుని కొద్దికొద్దిగా అరగదీస్తుంది. మొగిలి ఘాట్ దిగి తూర్పుకి వచ్చేకొద్దీ భయపడాల్సింది వేసవి ఈదురుగాలికి, చలికాలం ముందు వచ్చే ఈశాన్య గాలివానకి. అంటే అన్ని ఊళ్లకీ ఒకే సలహా చెల్లదు. పడమటి ప్రాంతంలో కొత్తగా షెడ్డు కట్టుకునేవాళ్లు తలుపుని పడమర వైపు పెట్టకపోవడమే సగం పరిష్కారం. తిరుపతి చుట్టుపక్కల ఈశాన్యం వైపు వాకిలి పెట్టాలనే వాస్తు పట్టింపు ఉంటే పెట్టుకోండి, కానీ అది సరిగ్గా నవంబరు వాన కొట్టే దిక్కు అని తెలిసి, పైన సజ్జా ఒక రెండడుగులు ముందుకి తీయించండి. వేసవి ఈదురుగాలికి మాత్రం దిక్కు ఉండదు, మేఘం ఎటుంటే అటు నుంచి కొడుతుంది, పైగా పది నిమిషాల్లో దిశ మారుతుంది. దిక్కు చూసి పెట్టిన తలుపుకి కూడా గడియలు సరిగ్గా ఉండాల్సింది అందుకే.

బయటికి తెరుచుకునే తలుపు మంచిదా, లోపలికి తెరుచుకునేదా? షెడ్డుకైతే బయటికే మంచిది. గాలి ఎదురుగా కొట్టినప్పుడు తలుపు చౌకట్టు గాడిలోకి ఒత్తుకుపోతుంది, బరువు చుట్టూ ఉన్న చౌకట్టు మోస్తుంది, గడియ మీద పెద్దగా పడదు. వాననీళ్లు కూడా లోపలికి తక్కువ వస్తాయి. లోపలికి తెరుచుకునే తలుపుకి అదే గాలి తగిలితే మొత్తం బరువు ఒక్క గడియ, రెండు బందులు మోయాలి. కానీ బయటికి తెరుచుకునే తలుపుకి ప్రమాదం తెరిచి ఉన్నప్పుడే, గాలి దాన్ని పూర్తిగా తిప్పి గోడకేసి కొడుతుంది.

దానికి అందరూ వాడే మందు రాయి. తలుపు తెరిచి, కింద ఒక రాయో ఇటుకో పెడతారు. ఇక్కడే బందులు ఊడిపోవడానికి అసలు కారణం దాగి ఉంది. చేతికి అందే చోటని రాయిని చాలామంది బందుల వైపు, గోడకి దగ్గరగా పెడతారు. మూడడుగుల తలుపు మీద గాలి 30 కిలోల బలంతో నెడుతోందనుకుందాం. ఆ బలం తలుపు మధ్యలో, అంటే బందుల నుంచి ఒకటిన్నర అడుగుల దూరంలో పనిచేస్తున్నట్టు లెక్క. రాయి బందుల నుంచి అర అడుగు దూరంలో ఉంటే ఆ రాయి మీద 90 కిలోలు పడుతుంది, బందుల్ని 60 కిలోల బలం చౌకట్టు నుంచి పెరికేస్తుంది. గడ్డపారతో రాయిని లేపినట్టే, తలుపే గడ్డపార, మీరు పెట్టిన రాయే ఊతం, లేచి వచ్చేది మీ బందు. అదే రాయిని తలుపు చివరి అంచు దగ్గర పెడితే రాయి మీద 15, బందుల మీద 15. రాయి అదే, గాలి అదే, పెట్టిన చోటు మారినంత మాత్రాన బందు మీద భారం నాలుగో వంతుకి తగ్గిపోయింది.

రాయి జరిగిపోతుంది కాబట్టి దాన్ని కూడా నమ్ముకోకుండా గోడకే ఒక కొక్కెం పెట్టించుకోవడం మేలు. తలుపు పూర్తిగా తెరిచినప్పుడు దాని బయటి అంచు గోడని ఎక్కడ తాకుతుందో అక్కడ, నడుము ఎత్తులో, ఎనిమిది మిల్లీమీటర్ల కడ్డీతో చేసిన పొడుగు కొక్కెం, తలుపు వైపు ఒక కన్ను. కొక్కెం వేశాక తలుపు గోడకి కొద్దిగా ఒత్తుకునేలా మధ్యలో రబ్బరు ముక్క ఉండాలి, లేకపోతే కొక్కెంలోనే మళ్లీ టకటకా మొదలవుతుంది. పాత సైకిల్ ట్యూబు ముక్క మడిచి కొట్టినా సరిపోతుంది, కాకపోతే మన ఎండకి అది త్వరగా గట్టిపడి పగుళ్లిస్తుంది, ఏటా వేసవికి ముందు మార్చాలి. అయస్కాంతం పట్టే స్టాపర్లు, ఇంట్లో బెడ్‌రూము తలుపులకి పెట్టేవి, ఇక్కడ పనికిరావు. దుమ్ము పట్టాక వాటి పట్టు ఇంకా తగ్గుతుంది.

మూసినప్పుడు ఏం కావాలి? చాలా షెడ్లకి నడుము ఎత్తులో ఒకే ఆల్‌డ్రాప్, అంటే పక్కకి జరిపే ఇనుప కడ్డీ గడియ, దానికో తాళం. ఒక్క చోట పట్టుకున్న తలుపు ఆ చోట కదలదు, పై మూల, కింది మూల మాత్రం గాలికి విల్లులా వంగుతాయి, వంగి వంగి పలకలు అతుకుల దగ్గర విచ్చుకుంటాయి. పైన ఒకటి, కింద ఒకటి ఆరంగుళాల టవర్ బోల్టులు, అంటే నిలువుగా జరిగే గడియలు, వేస్తే తలుపు మూడు చోట్ల దొరుకుతుంది. మోటారు షెడ్డు బయటి నుంచి మూసేది కాబట్టి అవి బయటివైపే ఉండాలి. దొంగతనం భయం ఎలాగూ తాళం చూసుకుంటుంది, ఈ రెండూ గాలి కోసం. కింది బోల్టు దూరే కన్నం నేలలో మట్టితో పూడిపోతుంది, బోల్టు సగమే దిగుతుంది, ఆ సగం దిగిన బోల్టే గాలికి ముందు వంగేది. కన్నంలో ఒక ఇనుప పైపు ముక్క దించి సిమెంటు చేసి, నెలకోసారి పుల్లతో శుభ్రం చేస్తే చాలు. రెండు రెక్కల తలుపైతే ముందు మూసే రెక్కకి పైనా కిందా బోల్టులు లేకుండా ఎంత పెద్ద తాళం వేసినా రెండు రెక్కలూ కలిసి ఊగుతాయి.

ఆల్‌డ్రాప్ కడ్డీ దాని కన్నాల్లో వదులుగా ఉండటం కొత్తలోనే మామూలు, షాపులో కొనేటప్పుడే ఊపి చూడాలి. ఉన్నదాన్ని బాగుచేయాలంటే తలుపు గాడిలోకి ఒత్తుకునేలా చౌకట్టు లోపలి అంచున రబ్బరు పట్టీ అంటించడం తేలిక మార్గం. గడియ వేయడానికి తలుపుని కాస్త బలంగా నెట్టాల్సి రావాలి, అంత బిగువు కావాలి. అదీ కుదరకపోతే తలుపుకీ చౌకట్టుకీ మధ్య గడియ దగ్గర ఒక చెక్క చీలిక కొడితే తాత్కాలికంగా పనిచేస్తుంది.

పాత ఇళ్లల్లో అడ్డగడియ ఉండేది. గోడకి ఒకవైపు లోతుగా కన్నం, రెండోవైపు చిన్న గాడి, మధ్యలో తలుపు వెడల్పంతా పట్టే చెక్క దూలం. దాని గొప్పతనం ఏంటంటే తలుపు మీద పడ్డ బలాన్ని బందులకీ గడియకీ ఇవ్వకుండా నేరుగా గోడకి అప్పగిస్తుంది. షెడ్డుకి అదే పద్ధతి బయటివైపు చేయించుకోవచ్చు: చౌకట్టుకి రెండు పక్కలా ఇనుప కొక్కేలు, వాటిలో అడ్డంగా పడే ఒక ఏంగులర్ ముక్క. బయటికి తెరుచుకునే తలుపుకి ఇంతకంటే నమ్మకమైనది లేదు, ఖర్చు కూడా వెల్డింగ్ షాపులో మిగిలిన ముక్కలతో తేలిపోతుంది. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడే వేసుకోవచ్చు, రోజూ అక్కర్లేదు.

ఎన్ని గడియలు పెట్టినా చౌకట్టు గోడలో నిలబడకపోతే వృథా. ఇనుప చౌకట్టుకి హోల్డ్‌ఫాస్టులు (చౌకట్టుని గోడలో పట్టి ఉంచే ఇనుప పట్టీలు) పక్కకి మూడేసి ఉండాలి, అవి కాంక్రీటులో కూరుకుని ఉండాలి. కూలి తగ్గించడానికి ఇటుక సందులో పెట్టి పైన ప్లాస్టరింగ్ పూసేస్తే కొన్నాళ్లకి చౌకట్టు చుట్టూ సన్నని పగులు కనిపిస్తుంది. ఆ పగులు మళ్లీ మళ్లీ వస్తుంటే పూత పూయడం మానేసి గోడ తవ్వి హోల్డ్‌ఫాస్టు మార్చాల్సిందే. చెక్క చౌకట్టుకి బందు మరలు కనీసం రెండంగుళాలు ఉండాలి, బందుతో పాటు ప్యాకెట్లో వచ్చే పొట్టి మరలు షెడ్డు తలుపుకి చాలవు. సాగిన కన్నంలో గట్టి చెక్క పుల్లని జిగురుతో దిగ్గొట్టి, ఆరాక కోసేసి, కొత్తగా సన్న కన్నం వేసి మర బిగిస్తే మళ్లీ పడుతుంది. గొళ్ళెం, కొక్కెం లాంటివాటికి మాత్రం మరల కంటే ఇవతల నుంచి అవతలికి దూరే నట్టుబోల్టు, వెనక పెద్ద వాషర్ మేలు. బందులు మూడు ఉండాలి, ఒక్కోటి నాలుగంగుళాలది. మూడో దాన్ని అందం కోసం సరిగ్గా మధ్యలో పెడతారు, ఎక్కువ లాగుడు పై బందు మీదే పడుతుంది కాబట్టి దానికి కొంచెం దగ్గరగా జరపండి.

ఇంత కష్టం ఒక తలుపు కోసమా అనిపించొచ్చు. తలుపు పోతే పోయేది తలుపొక్కటే కాదు, అసలు భయం పైకప్పు గురించి. గాలి షెడ్డు మీదుగా పోయేటప్పుడు రేకుల్ని పైనుంచి పీల్చుతుంది, అది ఎలాగూ ఉంటుంది. గాలి కొట్టే వైపు తలుపు ఊడి తెరుచుకుంటే లోపలికి దూరిన గాలికి బయటికి పోయే దారి లేక, లోపలి నుంచి రేకుల్ని పైకి ఎత్తడం మొదలుపెడుతుంది. అంతా మూసి ఉన్న గదిలో లోపలి ఒత్తిడికి ఐఎస్ 875 ఇచ్చే గుణకం 0.2, గోడల్లో పెద్ద ఖాళీలు తెరిచి ఉంటే 0.7, అంటే మూడున్నర రెట్లు. పదడుగులకి పదడుగుల షెడ్డు మీద 60 కిలోమీటర్ల గాలికి ఈ లోపలి నెట్టుడొక్కటే సుమారు 110 కిలోలు, పైనుంచి పీల్చేది దీనికి అదనం. ఆ కప్పు మీది జింక్ రేకుల బరువు యాభై కిలోలకి అటూ ఇటూ. మిగతా భారమంతా రేకుల్ని కింది కమ్మీలకి పట్టి ఉంచే జె-హుక్కులే మోయాలి, అవి కూడా కొన్ని చోట్ల తుప్పుపట్టి, వాషర్లు ఊడిపోయి ఉంటాయి. తలుపు ఊడిన తర్వాత రేకులు లేవడం ఈ లెక్క ప్రకారమే జరుగుతుంది. అందుకని రేకుల మీద రాళ్లు, ఇటుకలు పెట్టడం పరిష్కారం కాదు, రేకు లేస్తే ఆ రాయి ఎవరి తల మీద పడుతుందో తెలియదు. మిద్దె మీద గదులకి ఇది మరీ ప్రమాదం, కింద వీధి ఉంటుంది. రాళ్లు దించేసి, హుక్కులు మార్పించి తలుపు బిగించుకోవడం న్యాయం.

షెడ్డులో పురుగుమందులు, డీజిల్ ఉంటే గాలి ఆడాలి కదా అనే సందేహం సరైనదే. దానికి తలుపు ఓరగా వదిలేయడం మార్గం కాదు, ఎదురెదురు గోడల్లో పైన చిన్న జాలీలు పెట్టించడమే మార్గం.

ఈ పనులన్నీ మే నెల గాలి మొదలయ్యాక పెట్టుకుంటే వెల్డరూ దొరకడు, వడ్రంగీ దొరకడు, ఆ రోజుల్లో అందరి తలుపులూ ఒకేసారి ఊడతాయి. ఫిబ్రవరి, మార్చిలో, తోటలో పూత పిందె చూసుకోవడానికి ఎలాగూ రోజూ వెళ్తుంటారు, అప్పుడే చేయించుకోవడం తేలిక. చెక్క కూడా అప్పటికి ఆరి ఉంటుంది, ఎంత ఖాళీ ఉందో సరిగ్గా తెలుస్తుంది.

ఏదీ చేయించుకోలేదు, సాయంత్రానికి గాలివాన అని ఫోనుకి మెసేజ్ వచ్చేసింది, షెడ్డుకి ఉన్నది ఒక్క ఆల్‌డ్రాపే. అప్పుడు కూడా చేయగలిగింది ఉంది. మోటారు ఆపి, మెయిన్ తీసేసి, తలుపు మూసి తాళం వేశాక, ఖాళీ ఉన్న చోటల్లా చెక్క ముక్కలో, మడిచిన గోనెసంచి పట్టీలో గట్టిగా దూర్చండి, తలుపు నెట్టితే శబ్దం రాకూడదు. తర్వాత ఒక గట్టి వెదురుబొంగుని తలుపు మీద అడ్డంగా, పై మూలకి దగ్గరగా పెట్టి, రెండు చివరలూ చౌకట్టుకి పక్కనున్న కిటికీ కమ్మీకో స్తంభానికో నైలాన్ తాడుతో లాగి కట్టండి, బైండింగ్ వైరు వద్దు, అది కొట్టుకునే చోట వంగి వంగి తెగిపోతుంది. ఇంకో బొంగు ఉంటే కింది మూలకి. ఒక్కటే ఉంటే పై మూలకే కట్టండి, కింద ఒక యూరియా బస్తా ఆనించినా పట్టుకుంటుంది.